ఒక్క ఖాళీ లేని పన్నెండేళ్లు

పొగడ్త మనిషిని ఎంత లోతు గోతిలోకి దించుతుందో తెలుసుకోవాలంటే పెద్దక్కను అడగాలి. ఆ రోజు మాష్టారు తిట్టి ఉంటే ఆవిడ అక్కడికక్కడే లేచి నిజం చెప్పేసేదేమో. ఆయన మెచ్చుకున్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

పెద్దక్క అనేది క్లాసు పిల్లలు పెట్టిన పేరు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ క్లాసులో మిగతావాళ్లంతా ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లవాళ్లు. ఈవిడకు నలభై నాలుగు. ఏటి నీటిమట్టాల లెక్కలు చూసే ఆఫీసులో చిన్న ఉద్యోగమని మాత్రం పిల్లలకు తెలుసు. అంతకుముందు పన్నెండేళ్లు ఆవిడ చేసిన పని గేజి చదవడం. గేజి అంటే పెద్ద యంత్రమేమీ కాదు, వంతెన స్తంభానికి బిగించిన పొడుగాటి స్కేలు. రోజూ ఉదయం ఆరింటికి వెళ్లి, నీళ్లు ఆ స్కేలు మీద ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, రిజిస్టరులో ఒక అంకె రాసి రావాలి. చెప్పడానికి ఇంతే గానీ, వానలోనూ చలిలోనూ ఏడాది పొడుగునా చేసి చూస్తే తెలుస్తుంది. కిందటేడు ఆ స్తంభానికి దానంతటదే కొలిచే పరికరం పెట్టి, ఈవిడను తెచ్చి ఆఫీసులో ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. "పీజీ చెయ్యమ్మా, డేటా సెక్షన్లోకి తీసుకుంటాం" అన్నాడు పై ఆఫీసరు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ పుస్తకాల సంచీ భుజాన వేసుకుంది.

మూడో సెమిస్టరులో టైమ్ సీరీస్ వచ్చింది. పేరు విని పిల్లలు బెదిరిపోయారు. మాష్టారు మాత్రం తాపీగా సుద్దముక్క విరిచి బల్ల మీద కూర్చున్నారు.

"ఒకే చోట, ఒకే వేళకి, అదే పనిగా కొలుచుకుంటూ పోతే వచ్చే అంకెల వరస. అంతకుమించి ఏం లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏదో చుట్టరికం ఉంటుంది. అది దగ్గర చుట్టరికమా, దూరపు చుట్టరికమా తేల్చడమే మన పని" అన్నారు.

పెద్దక్కకు ఒళ్లు ఝల్లుమంది. పన్నెండేళ్లుగా తను చేసినదానికి ఇంత పెద్ద పేరుందా అనుకుంది. అనుకుంటూ ఉండగానే మాష్టారు గోడ మీద ఒక గ్రాఫు చూపించారు. పైకి లేస్తూ కిందికి దిగుతూ నీలం గీత.

"స్టేషన్ నంబరు పదిహేడు. పన్నెండేళ్ల నీటిమట్టం. నాలుగు వేల మూడు వందల ఎనభై మూడు రోజులు. ఒక్క ఖాళీ లేదు. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఇలాంటి రికార్డు చూడలేదు. ఎవరో గానీ మహానుభావుడు. జ్వరం రాలేదు, చుట్టాలింటికి పోలేదు, కనీసం అలారం కూడా మోగకుండా పోలేదు. మీలో ఒక్కడు కూడా వారం రోజులు వరసగా క్లాసుకి రాడు."

క్లాసంతా నవ్వింది. పెద్దక్క కూడా నవ్వింది. పదిహేడు ఆవిడ స్టేషనే. నేనే సార్ అని లేవబోయి ఆగిపోయింది. వంట ఎవరు చేశారో తెలియకుండా తినేవాళ్లు మెచ్చుకుంటుంటే, పక్కన కూర్చుని వినడంలో ఒక సుఖం ఉంటుంది కదా, ఆ సుఖం కాసేపు అనుభవిద్దామనుకుంది. ఆ కాసేపట్లోనే ఆదివారాలు గుర్తొచ్చాయి. ఇక లేవలేకపోయింది.

ఆదివారాల సంగతి ఇప్పుడే చెప్పేయాలి. మిగతా ఆరు రోజులూ ఐదుంపావుకి ఒక బస్సు ఉండేది. ఆదివారం మొదటి బస్సు తొమ్మిదింటికి. వంతెన ఆరు కిలోమీటర్లు. మొదటి ఏడాది నడిచే వెళ్లింది, లేనిపోని నింద వెయ్యకూడదు. ఒక ఆదివారం కూతురికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఇంటాయన బస్సు డిపోలో డ్యూటీకి వెళ్లాడు. పిల్లను వదిలి వెళ్లలేకపోయింది. సోమవారం రిజిస్టరు తెరిస్తే ఆదివారం గడి ఖాళీగా వెక్కిరించింది. శనివారం అంకె చూసింది, సోమవారం అంకె చూసింది, సరిగ్గా రెండింటి మధ్య సగానికి ఒక అంకె రాసేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాతి ఆదివారానికి పిల్ల జ్వరం తగ్గింది, తల్లికి నడిచే ఓపిక కూడా తగ్గింది. ఒక్క రోజుకి ఏరెక్కడికి పోతుందిలే అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది. మసిపూసి మారేడుకాయ చేస్తున్నానని ఆవిడకు ఏనాడూ తోచలేదు. గడి నింపడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకుంది.

ప్రాజెక్టుకు ఇద్దరిద్దరిని జతకట్టమన్నారు. జడలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని తిరిగే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. క్లాసులో చురుకైన పిల్ల. అందరూ పెన్సిలమ్మాయి అంటారు.

"అక్కా, మనిద్దరం చేద్దామా? మీ ఆఫీసు డేటానే కదా, మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నాకు పదిహేడు కావాలి."

"వేరేది తీసుకుందాంలేమ్మా. అది అందరూ తీసుకుంటారు."

"అందరి సంగతి నాకెందుకక్కా. పదిహేడులో నాకు ఒక్క రోజుతో పనుంది."

అప్పుడు చెప్పింది ఆ పిల్ల. వాళ్ల నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కొట్టు కింద, ఇల్లు పైన, మధ్యలో చెక్క మెట్లు. వంతెనకు దిగువన, సందు చివర. పదకొండేళ్ల కిందట వానల్లో ఒక ఆదివారం తెల్లారేసరికి ఏరు కొట్టులోకి వచ్చి మూడో మెట్టెక్కింది. జనం బాగుకిచ్చిన పధ్నాలుగు మిషన్లు మునిగాయి. సాయంత్రానికి నీళ్లు దిగిపోయాయి. తల్లీ పిల్లా ఆ వారం అమ్మమ్మగారింట్లో ఉన్నారు. సందులో మిగతా ఇళ్లు మెరక మీద, ఆ వానలో ఎవరూ ఇటు దిగలేదు, చూసింది ఆయనొక్కడే. మూడో రోజున అధికారులు వచ్చి, గేజి రికార్డు తెప్పించి చూసి, ఏరు అసలు కదలనే లేదు పొమ్మన్నారు. వెనక మురుగుకాలువ పొంగితే చూసుకోకుండా పడుకున్నాడని సందులో అందరూ అన్నారు. మిషన్లు ఇచ్చినవాళ్లయితే మొహం మీదే అన్నారు. ఆయన మాత్రం కాదు ఏరే, మూడో మెట్టు దాకా వచ్చింది అని కనిపించినవాడికల్లా చెప్పాడు. చెప్పగా చెప్పగా అదే ఆయన పేరైపోయింది. మూడోమెట్టు.

"స్కూల్లో నన్ను మూడోమెట్టు కూతురనేవాళ్లు" అంది పెన్సిలమ్మాయి నవ్వుతూ. "నేనూ అలాగే నవ్వేదాన్ని. ఏం చెయ్యను? ఇంట్లో అమ్మ కూడా నవ్వేది. ఇప్పుడు లెక్కలొచ్చాయి కదా. నిజమో కాదో నేనే తేల్చుకుంటాను."

పెద్దక్క తలూపింది. ఆవిడకు ఆ ఆదివారం తెలుసు. అసలు మర్చిపోయింది ఎప్పుడు గనక? సోమవారం ఆరింటికి వంతెన దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు రెండు మీటర్ల నలభై రెండు దగ్గర బుద్ధిగా పారుతున్నాయి. స్కేలు మీద మాత్రం నాలుగు ఎనభై దాకా తడి బురద పట్టి ఉంది. ప్రమాదం గుర్తు నాలుగున్నర. అంటే నిన్న ఏరు దాన్ని దాటి వచ్చి వెళ్లిందన్నమాట. ఉన్నది ఉన్నట్టు రాస్తే, మరి నిన్న ఏమయ్యావని అడుగుతారు. ఉద్యోగం వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. శనివారం రెండు ముప్పై. ఆవిడ ఆదివారం గడిలో రెండు ముప్పై ఆరు అని రాసింది. రాసి, సంచీలోంచి గుడ్డ తీసి, నీళ్లలో ముంచి, స్కేలు శుభ్రంగా తుడిచింది. సోమవారం సోమవారం స్కేలు తుడవడం ఆవిడ డ్యూటీయే. ఆ వరద వల్ల ఎవరికైనా ఏమైనా అయి ఉంటుందన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వచ్చినదాన్ని తోసేసింది.

పిల్ల కథ విన్న రోజు రాత్రి అన్నం దగ్గర ఇంటాయనకు చెప్పింది. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "పదకొండేళ్ల కిందటిదా? ఎవడికి తెలుస్తుందే? పరీక్ష రాసి వచ్చెయ్యి" అన్నాడు. ఆవిడకు ఆ మాట నచ్చలేదు. నచ్చకపోయినా అదే చేసింది.

చేసింది అంటే ఊరికే నోరు మూసుకుని కూర్చోలేదు. అది చాలదన్నట్టు చదివిన చదువును అడ్డం పెట్టుకుంది. కంప్యూటరు గదిలో మొదటి రోజే, "రోజువారీ అంకెలు మరీ గజిబిజిగా ఉంటాయమ్మా, వారానికొక సగటు తీసుకుందాం. గీత నున్నగా వస్తుంది" అని సలహా ఇచ్చింది. వారం సగటు తీస్తే ఏడింట్లో ఆదివారం కలిసిపోతుంది, దాని మొహం ఎవరికీ కనబడదు. ఎంత తెలివి చూడండి. పుస్తకంలో ఆ పద్ధతి ఉన్నమాట నిజమే గనక పెన్సిలమ్మాయి నమ్మింది. "మీరుండబట్టి సరిపోయిందక్కా" అని కూడా అంది. రెండు వారాలు ఆ నున్నటి గీత మీదే పనిచేశారు. ఆ రెండు వారాలూ పెద్దక్క తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. పిల్ల తెచ్చిన టీ తాగింది, పిల్ల విప్పి పెట్టిన బిస్కెట్లు తింది.

మాష్టారు గీత చూసి పెదవి విరిచారు. "ఇంత మంచి రోజువారీ రికార్డు పెట్టుకుని సగటులెందుకమ్మా? ఆ మహానుభావుడు రోజూ పొద్దున్నే లేచింది మీరు చెరిపెయ్యడానికా? రోజులు రోజులుగానే చూడండి. అవునూ, ఆయన ఎవరో కనుక్కోండి. మీ ఆఫీసే కదా?" అన్నారు పెద్దక్క వైపు తిరిగి.

"సరే సార్" అంది. మర్నాడు వచ్చి, "రిటైరై వెళ్లిపోయారట సార్" అంది. మాష్టారు అయ్యో అన్నారు. ఆయన అలా జాలిపడటం చూసి ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

బుధవారం మధ్యాహ్నం పెన్సిలమ్మాయి రోజులు రోజులుగా విప్పింది. ప్రతి రోజు అంకెలోంచి, ముందు రోజుకూ తర్వాత రోజుకూ మధ్య సగటును తీసేసి, మిగిలింది ఎంతో గీయించింది. ఏరు అన్నాక కాస్త అటో ఇటో మిగులుతుంది. మిగిలింది కూడా. ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి. కానీ ఏడో రోజున సున్నా. మళ్లీ ఏడో రోజున సున్నా. మొదటి ఏడాది వదిలేస్తే, పదకొండేళ్ల పొడుగునా, పూసలు గుచ్చినట్టు సున్నాలు.

"అక్కా, ఇటు చూడండి." పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. "అన్నీ ఆదివారాలే. పైన ఆనకట్ట గేట్లుంటాయి కదా, ఆదివారం వాటిని కదపరేమో. నీళ్లు ఒకే తీరుగా దిగుతున్నాయి. ఇది ఇంతవరకు ఎవరూ చూసి ఉండరక్కా. శుక్రవారం సెమినార్లో ఇదే చెబుదాం."

పెద్దక్క నీళ్లు నమిలింది. బాగుందమ్మా అంది.

పిల్ల ఉత్సాహంగా కీలు నొక్కుతూ ఒక తేదీ దగ్గర ఆగింది. రెండు ముప్పై, రెండు ముప్పై ఆరు, రెండు నలభై రెండు. అక్కడా సున్నాయే. చాలాసేపు దాన్నే చూసింది. మెల్లగా కూర్చుంది.

"అయితే మా నాన్న అబద్ధమే చెప్పాడన్నమాట" అంది.

పెద్దక్క తెర మీది ఆ మూడు అంకెల వైపు చూసింది.

"ఒక్క ఆదివారమైతే ఎవరో తప్పు రాశారనుకోవచ్చు. ఇన్ని ఆదివారాలు ఏరు కుదురుగా ఉంటే, ఆ ఒక్క ఆదివారం ఎందుకు పొంగుతుందక్కా? గేట్లు మూసి ఉంటే ఎక్కడినుంచి వస్తాయి నీళ్లు?" కళ్లు తుడుచుకుంది. "మురుగుకాలువే. అందరూ చెప్పినట్టు ఆయన పడుకుండిపోయాడు. పైగా ఇన్నేళ్లు మాచేత కూడా నమ్మించాలని చూశాడు. పెద్దయ్యాక నేనొక్కదాన్నే నమ్మాను. ఇవాళ ఇంటికెళ్లి చెప్పేస్తాను, నాన్నా ఇక ఆ మాట ఎత్తకు అని."

లెక్కలో తప్పు లేదు. అదే పెద్దక్కను చంపేసింది. పిల్ల నేర్చుకున్న చదువంతా ఉపయోగించి, ఒక్క అడుగు తడబడకుండా, కన్నతండ్రి అబద్ధాలకోరని తేల్చింది. తేల్చడానికి కావలసిన సరుకంతా పెద్దక్క తన చేత్తో రాసి ఇచ్చింది.

"గేట్లు కాదమ్మా" అంది. "నేను."

పిల్లకు అర్థం కాలేదు. పెద్దక్క తలెత్తకుండా మొత్తం చెప్పింది. బస్సు, జ్వరం, సగానికి సగం లెక్క, బురద, గుడ్డ. ఎక్కడా తడుముకోలేదు. పదకొండేళ్లుగా లోపల తయారుగా ఉన్నట్టే వచ్చాయి మాటలు.

పెన్సిలమ్మాయి అరుస్తుందనుకుంది. అరవలేదు. జడలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది.

"వారం సగటు తీసుకుందామన్నారు. అందుకేనా?"

"అందుకే."

"నేను మీకు థాంక్స్ కూడా చెప్పాను."

"చెప్పావు."

పిల్ల కంప్యూటరు ఆపేసింది. సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నాన్నకు నేను చెప్పను. మీరే వచ్చి చెప్పండి. ఇప్పుడే" అంది.

మిగతాది ముందే చెప్పేస్తాను, అదేమీ దాచుకునే సంగతి కాదు. శుక్రవారం మాష్టారు అంతా విన్నారు. తర్వాత ఐదు వందల డెబ్భై చిల్లర ఆదివారాలకూ ఎదురుగా 'చూడలేదు' అని పెద్దక్క చేతే రాయించారు. మహానుభావుడన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆఫీసులో డేటా సెక్షను మాటా ఎవరూ ఎత్తలేదు. ఆవిడ డిగ్రీ మాత్రం పూర్తిచేసింది, ఆ మూల కుర్చీలోనే ఉంది. కానీ అవన్నీ ఒక ఎత్తు, బుధవారం సాయంత్రం ఆ సందు చివరికి నడవడం ఒక ఎత్తు.

కొట్టులో సన్నటి మనిషి ఒక మిషను తలకిందులుగా పెట్టి నూనె వేస్తున్నాడు. వెనక చెక్క మెట్లు. ఎంత వద్దనుకున్నా పెద్దక్క కళ్లు మూడో మెట్టు మీదికే పోయాయి. పెన్సిలమ్మాయి లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా" అని ఆయన స్టూలు తుడిచి వేశాడు. "మా అమ్మాయి మీ గురించి రోజూ చెబుతుంది. చాలా సాయం చేస్తున్నారట."

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఈసారి తడుముకుంది. రెండుచోట్ల మాట పడిపోయింది, మళ్లీ ఎత్తుకుంది. ఆయన నూనెడబ్బా చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"బురద ఎంతదాకా ఉందమ్మా?"

"నాలుగు ఎనభై."

"నాలుగు ఎనభై" అన్నాడాయన, నోట్లో వేసుకుని రుచి చూసినట్టు. మెట్ల వైపు తిరిగి చూశాడు. "మా ఆవిడ ఉన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేది. పాపం, చివరిదాకా నవ్వేది. నామీద కోపంతో కాదు. ఏదో నేను సరదాకి అంటున్నాననుకుంది."

గుమ్మం దగ్గర పిల్ల మొహం అటు తిప్పుకుంది. పెద్దక్కకు క్షమించండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత పనికి అంత చిన్న మాటా అనిపించి సిగ్గుతో అక్కడే ఆగిపోయింది.

"తుడవడానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"రెండు నిమిషాలు."

ఆయన తలూపి, మళ్లీ మిషను మీదికి వంగాడు. తిట్టినా బాగుండేది. ఆయనకు తిట్టాలని తోచినట్టు లేదు.

అప్పుడే ఎదురు టీకొట్టతను సందులోంచి కేకేశాడు. "ఏం మూడోమెట్టూ, చుట్టాలొచ్చినట్టున్నారు, టీ రెండా మూడా?"

"మూడు" అన్నాడాయన తలెత్తకుండానే. ఎవరో పేరు పెట్టి పిలిస్తే పలికినంత మామూలుగా పలికాడు.

పెద్దక్క కొట్టు దిగి సందు దాటి టీకొట్టు ముందు నిలబడింది. బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఆయన్ని అలా పిలవకండి బాబూ. ఆ రోజు ఏరు నిజంగానే మూడో మెట్టు దాకా వచ్చింది."

టీకొట్టతను గ్లాసు కడగడం ఆపి ఎగాదిగా చూశాడు. "మీకెలా తెలుసు? ఇంతకీ మీరెవరండీ?"

సెమిస్టరంతా ఆవిడ తప్పించుకు తిరిగిన ప్రశ్న అదొక్కటే. బెంచీ మీద నలుగురూ చూస్తున్నారు. వెనక పిల్ల కూడా వచ్చి నిలబడిందని ఆవిడకు తెలుసు.

"వంతెన దగ్గర గేజి చదివేదాన్ని నేనే" అంది. "ఆ ఆదివారం నేను రాలేదు."